చెరలో వైమానికుడు: దినచర్య, కత్తిరింపు, జ్ఞాపకం

తెలుగులో జైలు సాహిత్యానికి నిండైన పరంపర ఉంది. గోల్కొండ చెరలో రామదాసు కీర్తనలు మొదలుకొని రాయవేలూరు జైల్లో ఉన్నవ లక్ష్మీనారాయణ రాసిన 'మాలపల్లి', నిజామాబాదు జైలు గోడ మీద దాశరథి బొగ్గుతో రాసిన పద్యాలు, వట్టికోట ఆళ్వారుస్వామి 'జైలు లోపల' కథలు, వరవరరావు 'సహచరులు' దాకా ఆ వరస సాగుతుంది. విమర్శకులు కూడా దీన్ని శ్రద్ధగానే పట్టించుకున్నారు. అయితే ఖైదీలలో మరొక తరహా ఉంది. వారు నేరం చేసి చెరలో పడినవారు కారు, ఉద్యమం కోసం చెరకు వెళ్లినవారూ కారు. యుద్ధంలో శత్రువు చేతికి చిక్కినవారు. వారి రాతల గురించి మన విమర్శ మాట్లాడింది చాలా తక్కువ. ఆ యుద్ధఖైదీలలోనూ వైమానికుడి స్థితి ప్రత్యేకమైనది. ఆ ప్రత్యేకత అతని రచనను ఎట్లా తీర్చిదిద్దుతుంది, ఆ రచనను మనం ఏ కొలతతో చదవాలి అన్న రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బెంగళూరు నుంచి ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. 1940లో వాల్‌చంద్ హీరాచంద్, మైసూరు ప్రభుత్వం కలిసి ఇక్కడ నెలకొల్పిన విమాన కర్మాగారం రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మిత్రదేశాల విమానాలకు మరమ్మతు కేంద్రమయింది. ఆ సంవత్సరాల్లోనే నగరం శివార్లలో, జాలహళ్లి వైపు, ఇటాలియన్ యుద్ధఖైదీల శిబిరాలు వెలిశాయి. ఒక పక్క విమానాలను ఎగరడానికి సిద్ధం చేస్తూ మరొక పక్క చిక్కినవారికి కాపలా కాసిన ఊరు ఇది. తరువాత జర్మన్ రూపకర్త కుర్ట్ టాంక్ నాయకత్వంలో ఇక్కడే తయారైన మారుత్ యుద్ధవిమానం 1961 జూన్ 17న తొలిసారి ఎగిరింది. పదేళ్ల తరువాత ఆ మారుత్‌లోంచి దూకి సింధు ఎడారిలో పట్టుబడిన వైమానికుడి కథ ఈ వ్యాసంలోనే మరొక చోట వస్తుంది. కూలిన విమానంలోంచి బయటపడినవారి వెన్నెముకను పరీక్షించి మళ్లీ ఎగరవచ్చునో లేదో తేల్చే వాయుసేన వైద్యసంస్థ కూడా ఈ నగరంలోనే ఉంది. వాయుసేనలోనో కర్మాగారంలోనో పనిచేసి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలూ తక్కువేమీ కావు.

1. లాగ్‌బుక్కు వచనం

వైమానికుడు వృత్తిరీత్యా రాసేవాడు. దిగిన ప్రతిసారీ లాగ్‌బుక్కులో ఒక వరస నింపాలి. తేదీ, విమానం రకం, దాని సంఖ్య, చేసిన పని, పట్టిన కాలం. గంటలు, నిమిషాలు వేరువేరు గడులలో ఉంటాయి. విశేషణానికి అందులో చోటు లేదు. భయపడ్డానని రాసుకోవడానికి గడి లేదు. ఏళ్ల తరబడి ఇట్లా రాసిన చేతికి ఒక వచనం అలవడుతుంది. అది దిక్కు, దూరం, వేళ చెప్పి ఊరుకునే వచనం.

పదాతి సైనికుడు చాలాసార్లు తన దళంతోపాటు చిక్కుతాడు. చెరలో కూడా అతని చుట్టూ అతని భాష, అతని తోటివారు ఉంటారు. వైమానికుడు ఆకాశం నుంచి ఒంటరిగా పడతాడు. అరగంట కిందటి దాకా సొంత స్థావరంలో టీ తాగినవాడు, మరు అరగంటకు తన మాట తెలియని గ్రామస్థుల నడుమ ఉంటాడు. లాగ్‌బుక్కులో ఆ రోజు వరస నిండదు. ఈ నిండని వరసే అతని చెరసాహిత్యానికి మొదటి వాక్యం అనవచ్చు.

రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్ల చేతిలో ఉన్న ఖైదీలకు జెనీవాలోని వై.ఎం.సి.ఏ. ప్రపంచసంఘం 1944లో ఖాళీ పుస్తకాలు పంచింది. కాన్వాసు అట్ట వేసిన ఆ పుస్తకాల పేరు 'ఎ వార్‌టైమ్ లాగ్'. బ్రిటిషు, కెనడా, అమెరికా ఖైదీలకు వేరువేరు ముద్రణలు ఉండేవి. 'లాగ్' అన్న మాట నావికుడికీ వైమానికుడికీ సొంతమైనది. ఆగిపోయిన లాగ్‌బుక్కుకు బదులుగా మరొక లాగ్‌బుక్కు చేతికి వచ్చిందన్నమాట. అటువంటి పుస్తకాల్లో కనిపించే సామగ్రి దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. బారకాసు బొమ్మలు, సిగరెట్టు పెట్టెల నుంచి ఊడదీసి అంటించిన కాగితాలు, రెడ్‌క్రాసు పొట్లంలో వచ్చిన వస్తువుల పట్టిక, తోటి ఖైదీల పేర్లూ ఇంటి చిరునామాలూ, ఇంటికి వెళ్లాక తినదలచిన వంటకాల జాబితా, అక్కడక్కడా తప్పుల తడకలైన పద్యాలు. దినచర్యకూ కత్తిరింపుల పుస్తకానికీ నడుమ గీత చెరిగిపోయిన గ్రంథం అది.

వీరరసం కోసం ఇవి తెరిచినవారికి నిరాశ తప్పదు. కాని జాగ్రత్తగా చూస్తే పుస్తకం మొత్తంలో బలమైన పుట చాలాసార్లు వంటకాల జాబితాయే. ఆకలి అన్న మాట వాడకుండా ఆకలిని చెప్పిన పుట అది. చిరునామాల పుట కూడా అటువంటిదే. మనమిద్దరం బతికి బయటపడతాం అన్న నమ్మకాన్ని ఒక వీధి పేరు, ఇంటి నంబరు రూపంలో రాసుకోవడం అందులో ఉంది. జాబితాను సాహిత్యంగా చదవడం మనకు కొత్త కావచ్చు. ఈ తరహా రచనకు మాత్రం అదే ప్రధానమైన రూపం.

2. రాయడంలో ఉన్న ప్రమాదం

రాజకీయఖైదీ రాతకూ యుద్ధఖైదీ రాతకూ మౌలికమైన భేదం ఒకటి గమనించవలసి ఉంది. రాజకీయఖైదీ తన మాట బయటికి చేరాలని రాస్తాడు. చేరితే అతనికి గెలుపు. యుద్ధఖైదీ విషయంలో చెప్పకపోవడమే కర్తవ్యం. 1949 నాటి మూడవ జెనీవా ఒడంబడిక 17వ అధికరణం ప్రకారం అతను చెప్పవలసినవి పేరు, హోదా, పుట్టిన తేదీ, సైనికసంఖ్య మాత్రమే. అంతకుమించి కాగితం మీద పెట్టిన ప్రతిదీ శత్రువు చదివే అవకాశం ఉన్నదే. ఆ ఒడంబడికే 71వ అధికరణంలో నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాసుకునే హక్కు ఇస్తుంది. అయితే అవి ఇంటికి చేరే ముందు పరాయి కళ్ల కింద నుంచి పోతాయి. అందువల్ల ఆ ఉత్తరాల్లో 'క్షేమం' అన్న మాటకు నిఘంటువులో లేని అర్థాలు పుడతాయి.

2019 ఫిబ్రవరి 27న పాకిస్తాను ఆధీనంలోని కాశ్మీరులో దిగిన వింగ్ కమాండర్ అభినందన్ వర్ధమాన్ పట్టుబడే ముందు తన దగ్గరి పత్రాలలో కొన్నిటిని మింగడానికి, కొన్నిటిని చెరువు నీళ్లలో తడిపి పాడుచేయడానికి ప్రయత్నించాడని పాకిస్తానీ పత్రిక 'డాన్' రాసింది. చిక్కిన వైమానికుడికి కాగితంతో ఉండే మొదటి సంబంధం ఇది. రాయడం కన్న ముందు చెరిపేయడం. ఈ తరహా రచనల్లో కనిపించే మౌనాన్ని ప్రతిభ లేకపోవడంగా భావించకూడదు. అది ఆ రచన పుట్టిన స్థితిలోనే ఉంది.

మొదటి ప్రపంచయుద్ధం నాటి బెంగాలీ ఉదాహరణ ఒకటి ఇక్కడ ఉపకరిస్తుంది. బెంగాలు అంబులెన్సు దళంలో పనిచేసిన శిశిర్ సర్వాధికారి వైమానికుడు కాదు. 1916లో కుట్ నగరం లొంగిపోయినప్పుడు తుర్కుల చేతికి చిక్కాడు. దినచర్య పుటలను బూట్లలో దాచి ఎడారి దాటాడు. అదే 1950లలో 'అభి లే బాగ్దాద్' అన్న పుస్తకంగా వచ్చింది. బూటులో మిగిలిన కాగితానికీ నలభై ఏళ్ల తరువాత అచ్చయిన వాక్యానికీ నడుమ ఏమి జరిగింది? ఎంత కలిసింది, ఎంత రాలిపోయింది? ఈ ప్రశ్న వేయకుండా ఏ చెర దినచర్యనూ చదవలేము.

బ్రిటిషు బాంబరు వైమానికుడు రాబర్ట్ కీ విషయంలో ఇదే ప్రశ్న మరొక రూపంలో వస్తుంది. మూడేళ్లు జర్మనీ శిబిరాల్లో గడిపి వచ్చిన ఆయన 'ఎ క్రౌడ్ ఈజ్ నాట్ కంపెనీ' అన్న పుస్తకాన్ని 1947లో నవలగా ప్రచురించాడు. తరువాతి కాలంలో అదే పుస్తకం స్వీయానుభవ కథనంగా తిరిగి వెలువడింది. అట్ట మీద ప్రక్రియ పేరు మారింది. బహుశా యుద్ధం ముగిసిన కొత్తల్లో నిజాన్ని నిజమని చెప్పుకోవడానికి ఒక తెర అవసరమై ఉంటుంది.

3. 1971: తరువాత రాసిన కథలు

మన దేశపు వైమానికులలో చెర అనుభవం పుస్తకాలకెక్కింది ప్రధానంగా 1971 యుద్ధం నుంచి. ఆ యుద్ధంలో పాకిస్తానుకు చిక్కి తిరిగి వచ్చిన వైమానికులు పన్నెండు మంది. యుద్ధం డిసెంబరు 16, 17 తేదీలతో ముగిసినా వారు వాఘా దాటింది 1972 డిసెంబరు 1న. పోరాటం ఆగగానే ఆలస్యం లేకుండా విడిచిపెట్టాలని ఒడంబడిక 118వ అధికరణం చెబుతున్నా దాదాపు ఏడాది పట్టింది. వారిలో దిలీప్ పరుల్కర్, ఎం.ఎస్. గ్రేవాల్, హరీశ్ సింహ్‌జీ 1972 ఆగస్టులో రావల్పిండి శిబిరం గోడకు కన్నం వేసి తప్పించుకున్నారు. పెషావరు మీదుగా ఆఫ్ఘన్ సరిహద్దుకు అతి చేరువలో ఉన్న లండీ కోటల్ దాకా వెళ్లి పట్టుబడ్డారు.

ఈ ఉదంతం మీద కెనడా రచయిత్రి ఫెయిత్ జాన్‌స్టన్ 2013లో 'ఫోర్ మైల్స్ టు ఫ్రీడమ్' ప్రచురించింది. పన్నెండు మందిలో ఒకరైన ధీరేంద్ర ఎస్. జాఫా 2014లో 'డెత్ వజంట్ పెయిన్‌ఫుల్' వెలువరించాడు. రెండూ చదివించే పుస్తకాలే. అయితే రెండిటి పేర్లనూ ఒకసారి పరికించండి. మరణం బాధగా లేదు అని భూతకాలంలో రాయగలిగేవాడు బతికి బయటపడ్డవాడే. స్వేచ్ఛకు నాలుగు మైళ్లు అన్నది ప్రయాణం ఎక్కడ ఆగిపోయిందో తెలిశాక కొలిచిన దూరం. ముగింపు తెలిసిన తరువాతనే ఆ రెండు పేర్లూ పుట్టాయి. విమానం కూలిన రోజుకూ జాఫా పుస్తకానికీ నడుమ నాలుగు దశాబ్దాలకు పైబడిన ఎడం ఉంది. ఆ ఎడం ఆయనకు నిదానాన్నీ హాస్యాన్నీ ఇచ్చింది. రేపు ఏమవుతుందో తెలియని రాత్రి రాసిన పుటలో ఉండే అనిశ్చితి మాత్రం అందులో ఉండడానికి వీలు లేదు. ఇది రచయిత లోపం అనడం నా ఉద్దేశం కాదు. జ్ఞాపకం అన్న ప్రక్రియకే ఉన్న హద్దు ఇది.

భార్గవ కథ మరొక రకం. 1971 డిసెంబరు 5న మారుత్ కూలాక ఫ్లైట్ లెఫ్టినెంట్ జె.ఎల్. భార్గవ తాను పాకిస్తానీ వైమానికుణ్ణని, తన పేరు మన్సూర్ అలీఖాన్ అని చెప్పుకొని గంటల తరబడి ఎడారి గ్రామస్థుల నడుమ నెగ్గుకొచ్చాడు. చివరికి కలిమా చదవమన్నప్పుడు చదవలేక దొరికిపోయాడు. ఈ కథను ఆయన సభల్లో, ముఖాముఖిల్లో అనేకసార్లు చెప్పాడు. చెప్పగా చెప్పగా నునుపెక్కిన కథ అది. వినేవారికి ఎక్కడ ఊపిరి బిగుస్తుందో, ఎక్కడ నవ్వు వస్తుందో ఆ కథకు తెలుసు. మౌఖిక కథనానికి అది గుణం. దినచర్య కోసం వెదికే పరిశోధకుడికి అదే అడ్డంకి.

1965 యుద్ధంలో పట్టుబడ్డ కొడగు వైమానికుడు నందా కరియప్ప ఉదంతం ఇంకా విచిత్రమైనది. ఆయన జనరల్ కె.ఎం. కరియప్ప కుమారుడని తెలిసి, ఒకప్పుడు ఆయన కింద పనిచేసిన పాకిస్తాను అధ్యక్షుడు అయూబ్‌ఖాన్ విడుదల చేయజూపడం, ఖైదీలందరూ తన బిడ్డలేనని తండ్రి తిరస్కరించడం కర్ణాటకలో అందరూ చెప్పుకునే విషయం. జనం నోట అది తండ్రి కథ అయిపోయింది. చెరలో ఉన్నవాడు ఆ కథలో మాట్లాడడు. తరువాత ఎయిర్ మార్షల్ అయిన ఆ కుమారుడు 2007లో ప్రచురించింది కూడా తండ్రి జీవితచరిత్రే.

రావల్పిండి ఉదంతంలో కాగితం గురించి ఒక పాఠం ఉంది. తప్పించుకున్న ముగ్గురూ సరిహద్దు దగ్గరి చివరి రైలుస్టేషను లండీ ఖానా అని నమ్మి అక్కడికి దారి అడిగారు. ఖైబరు రైలుమార్గంలో 1926లో తెరిచిన ఆ స్టేషను 1932లోనే మూతపడింది. లేని స్టేషనుకు దారి అడిగినవారి మీద అనుమానం కలిగింది. నలభై ఏళ్లు పాతబడిన సమాచారాన్ని నేటి నేలగా చదివిన ఫలితం అది. పాఠానికి తేదీ ముఖ్యం అని మనం తరగతిలో చెప్పే మాట అక్కడ ముగ్గురి స్వేచ్ఛకు సంబంధించిన విషయమయింది.

4. ఇంట్లో దాచిన కత్తిరింపులు

ఇంతదాకా తిరిగి వచ్చినవారి మాట. రానివారి సంగతి ఏమిటి? 1965, 1971 యుద్ధాల్లో కనబడకుండా పోయి పాకిస్తాను జైళ్లలో ఉండవచ్చునని భావించిన 54 మంది జాబితా మన పార్లమెంటులోనూ పత్రికల్లోనూ ఎన్నోసార్లు ప్రస్తావనకు వచ్చింది. వారిలో వైమానికులు పలువురు. తమ దగ్గర అటువంటివారు లేరని పాకిస్తాను చెబుతూ వచ్చింది. 1983లోనూ 2007లోనూ కుటుంబసభ్యులు వెళ్లి అక్కడి జైళ్లు చూసి ఉత్తచేతులతో తిరిగి వచ్చారు. ఈ కుటుంబాల దగ్గర దినచర్యలు లేవు, జ్ఞాపకాలు లేవు. ఉన్నవి కత్తిరింపులు.

ఫ్లైట్ లెఫ్టినెంట్ విజయ్ వసంత్ తాంబే 1971 డిసెంబరులో తిరిగి రాలేదు. అదే యుద్ధకాలంలో ఢాకా నుంచి వెలువడిన పాకిస్తానీ ఆంగ్ల పత్రికలో ప్రాణాలతో పట్టుబడ్డ భారత వైమానికుల పేర్లలో 'టోంబే' అన్నది ఉంది. ఆయన భార్య, జాతీయస్థాయి బాడ్మింటన్ క్రీడాకారిణి దమయంతి తాంబే దశాబ్దాల పోరాటానికి ఆ ఒక్క పేరు ఆధారమయింది. మేజర్ ఎ.కె. ఘోష్ కుటుంబానికి 'టైమ్' పత్రిక 1971 డిసెంబరు 27 సంచికలో అచ్చయిన, ఊచల వెనక ఉన్న ఖైదీ ఛాయాచిత్రం ఆధారం. మేజర్ అశోక్ సూరి తండ్రికి 1974 డిసెంబరులో చేరింది చేతిరాతలో ఉన్న చిన్న చీటీ. విక్టోరియా స్కోఫీల్డ్ భుట్టో విచారణ గురించి రాసిన గ్రంథంలో, లాహోరు జైల్లో భుట్టో రాత్రిపూట విన్న కేకల గురించి, అవి మతి చలించిన భారత యుద్ధఖైదీలవని చెప్పిన మాట గురించి ఉన్న కొద్ది పంక్తులు కూడా ఈ కుటుంబాల పుస్తకాల్లో చేరాయి.

ఇటువంటి కత్తిరింపుల పుస్తకాన్ని సాహిత్యవిద్యార్థి ఎందుకు పట్టించుకోవాలి? మనకు తెలిసిన విద్యే ఇక్కడ కావలసి ఉంది గనుక. 'తాంబే', 'టోంబే' అన్నవి పాఠభేదాలు. ఇది లేఖకప్రమాదమా, వేరే మనిషి పేరా అన్నది పాఠపరిష్కర్త వేసే ప్రశ్న. వేమన పద్యాల ప్రతులను పోల్చి చూసిన బ్రౌను, తాళపత్రాలతో జీవితం గడిపిన వేటూరి ప్రభాకరశాస్త్రి వేసిన ప్రశ్నలు ఇవే. రాసినది ఎవరు? ఎప్పుడు? అతనికి ఎట్లా తెలిసింది? ప్రతి ఎవరి చేతుల మీదుగా మనదాకా వచ్చింది? విదేశీ విలేఖరి చెవికి సోకిన పేరు ఏ అక్షరాల్లోకి ఒదుగుతుందో తెలిసినవారికి 'టోంబే' అన్న రూపం ఆశ్చర్యం కలిగించదు. మన దేశపు పేర్లు ఆంగ్లపత్రికల్లో రోజూ పడే పాట్లలో అదొకటి.

అయితే ఈ విద్యకు నిగ్రహం కూడా ఉండాలి. పత్రికలోని పేరు ఆ మనిషి ఆనాడు బతికి పట్టుబడ్డాడని ఒకరు రాశారని మాత్రమే నిరూపిస్తుంది. మరుసటి సంవత్సరం బతికి ఉన్నాడని నిరూపించదు. ఛాయాచిత్రంలో పోలిక కనబడటం వేరు, గుర్తింపు రుజువు కావడం వేరు. ఈ తేడాను చెప్పడం కఠినంగా తోచవచ్చు. కాని చెప్పకపోవడం వల్ల ఇన్నేళ్లుగా రెండు నష్టాలు జరిగాయి. ఒక పక్క పత్రికలు ప్రతి కత్తిరింపునూ తిరుగులేని సాక్ష్యంగా చూపించి ఆశలు పెంచాయి. మరొక పక్క అధికారులు అన్నిటినీ ఒక్కటిగా కట్టి పక్కన పెట్టగలిగారు. ఒక్కొక్క కాగితాన్నీ దాని విలువకు తగినట్టు తూచి చెప్పే పని ఎవరూ పూనికతో చేయలేదు. ఆ తూకం కుటుంబాలకు చేయవలసిన కనీస న్యాయం.

ఇంకొక విషయం. ఈ కత్తిరింపుల పుస్తకానికి రచయిత ఉన్నది ఇంట్లో. చెరలో ఉన్నవాడు రాయలేని దినచర్యను బయట ఉన్న తల్లి, తండ్రి, భార్య పరాయివారి వాక్యాలతో కూర్చారు. ప్రతి కత్తిరింపు పక్కనా తేదీ వేసి దాచుకోవడం కూడా ఒక లాగ్‌బుక్కు నింపడమే. అతని నిండని వరసను వారు నింపజూశారు. సొంత వాక్యం ఒక్కటీ లేని ఈ గ్రంథాన్ని రచన అనడానికి నాకు సంకోచం లేదు.

5. తెలుగులో ఖాళీ

కార్గిల్ యుద్ధంలో 1999 మే 27న మిగ్-27 ఇంజను ఆగిపోగా దూకి పట్టుబడ్డ ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత తెలుగు కుటుంబానికి చెందినవాడు. ఆయనను వెదకడానికి వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా ప్రాణాలు కోల్పోయాడు. ఎనిమిది రోజుల చెర తరువాత నచికేత తిరిగి వచ్చాడు. దూకినప్పుడు వెన్నుకు తగిలిన దెబ్బ వల్ల యుద్ధవిమానాలకు దూరమై రవాణా విమానాలు నడిపాడు. ఆ రోజుల్లో తెలుగు పత్రికలు ఆయన గురించి పుంఖానుపుంఖాలుగా రాశాయి. కఠోపనిషత్తులో మృత్యువు ఇంటికి వెళ్లి తిరిగి వచ్చిన బాలుడి పేరే ఆయనకు ఉండటం వ్యాసకర్తలకు మంచి అవకాశమయింది. అంత రాసినా, ఆ ఎనిమిది రోజుల్లో ఒక్క రోజు ఎట్లా గడిచిందో తెలుగులో ఆయన మాటల్లో నిలిచిన పుస్తకం లేదు. ఆయనకు తెలుగు పత్రికలు ఇచ్చిన స్థానమూ జనం కరియప్ప కుమారుడికి ఇచ్చిన స్థానమూ ఒకటే. ఇద్దరూ ఇతరులు చెప్పే కథలో పాత్రలు.

తెలుగువారు సైన్యంలో చేరనివారు కారు. వారి ఇళ్లలో కార్డులు, లాగ్‌బుక్కులు, తంతి వర్తమానాలు, అంచులు పచ్చబడ్డ పత్రికల ముక్కలు ఉండి తీరతాయి. ఇవి సాహిత్యం కావన్న అభిప్రాయం వల్ల మన గ్రంథాలయాల్లోకి రావడం లేదు. పెద్దలు పోయాక ఇల్లు మారేటప్పుడు పాత కాగితాల వాడికి చేరుతున్నాయి. తాళపత్రాలకు ఒకప్పుడు పట్టిన గతి ఇదే. బ్రౌను వంటివారు ఊరూరా ప్రతులు సేకరించి ఉండకపోతే మన ప్రాచీన సాహిత్యంలో ఎంత మిగిలేదో అందరికీ తెలిసినదే.

తెలుగు పీఠాలు చేయదగిన పని స్పష్టంగానే ఉంది. బెంగళూరులోని తెలుగు సైనిక కుటుంబాల దగ్గర ఉన్న ఇటువంటి కాగితాల పట్టిక ముందు తయారు కావాలి. అసలు ప్రతి ఆ ఇంట్లోనే ఉండవచ్చు, నకలు మాత్రం పీఠంలో ఉండాలి. ప్రతి కాగితానికీ తేదీ, ఎవరు రాశారు, ఎవరు దాచారు అన్న మూడు వివరాలు చేర్చాలి. జాబితాలను, కార్డులను, కత్తిరింపులను చదివే పద్ధతిని ఎం.ఏ. విద్యార్థులకు ఒక పాఠంగానైనా చెప్పాలి. దీనివల్ల గొప్ప కావ్యం ఏదో బయటపడుతుందని ఎవరికీ ఆశ పెట్టనక్కర లేదు. ఆ రోజున, ముగింపు తెలియకుండా, ఒక మనిషి రాసిన నాలుగు పంక్తులు వాటి తేదీతో సహా మిగిలితే అదే చాలు. తరువాత వచ్చే పెద్ద పుస్తకాలను సరిచూసుకోవడానికి మనకు అవి తప్ప మరొక ఆధారం ఉండదు.